పిల్లల కోడి

పిల్లలూ! కోడిపిల్లలను మీరందరూ చూసే ఉంటారు. గుడ్డు నుంచి బయటపడిన మరునాటి నుంచే అవి తల్లి వెంట పరుగెత్తుతాయి. తల్లి కాలితో గీరిన చోటల్లా ముక్కుతో పొడుస్తాయి. ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. నాటుకోడి పిల్ల పుట్టినప్పుడు 30 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. అంత చిన్న ప్రాణి మీద ఎందరి కన్ను ఉంటుందో నాకు మా అవ్వ దగ్గర తెలిసింది.

మాది తమిళనాడులో హోసూరు దగ్గర ఒక పల్లె. పెద్దలు మొరసునాడు అని పిలిచే సీమ ఇది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. సంతకు పోతే తమిళం, కన్నడం రెండూ వినిపిస్తాయి. ఊరి చుట్టూ రాగి చేలు, గట్ల మీద కానుగ చెట్లు, పడమటి పక్కన బండల గుట్ట. ఆ గుట్ట మీద నిలబడితే మా దొడ్డి అంతా కనిపించేది. మనిషికి కనిపించేది నక్కకు కనిపించదా!

మా ఊళ్ళో తెలుగు బడి ఐదో తరగతి వరకే ఉండేది. ఆ తరువాత కూడా తెలుగులోనే చదవాలంటే 6 కిలోమీటర్లు పోవాలి. బడి వేళకు బస్సు లేదు. సైకిలు ఉంటే తప్ప కుదరదు. "ఈ ఏడు రాగి సరిగా పండలేదు. చూద్దాం" అన్నాడు నాయన. మా ఇంట్లో 'చూద్దాం' అంటే 'లేదు' అని అర్థం. అప్పుడు అవ్వ, "నా కోళ్ళుండాయి గదా! రెండు విడతలు పిల్లల్ని చేయిస్తే పాపకు సైకిలు వస్తుంది. పాతదైతేనేమి, రెండు చక్రాలూ తిరిగితే చాలు" అంది.

అవ్వకు మూడు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. నాటుపెట్ట ఏడాదికి సుమారు 50 నుంచి 80 గుడ్లు పెడుతుంది. ఫారం కోడితో పోలిస్తే ఇది తక్కువే. కాని నాటుపెట్ట తన గుడ్లను తానే పొదుగుతుంది, తన పిల్లలను తానే సాకుతుంది. మేత కూడా చాలావరకు అదే వెతుక్కుంటుంది. అవ్వ నల్లపెట్ట కింద 12 గుడ్లు పెట్టింది. రాగిగడ్డి పరిచిన పాత బుట్టలో అది 21 రోజులు కూర్చుంది. రోజుకొకసారి లేచి, నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి, మళ్ళీ పోయి కూర్చునేది. ఒక గుడ్డు మురిగిపోయింది. పదకొండు పిల్లలు బయటికి వచ్చాయి.

మూడు రోజులు తల్లినీ పిల్లలనూ గంప కింద కమ్మి ఉంచాం. నాలుగో రోజు వదిలాం. సాయంకాలం గూట్లోకి చేరేటప్పుడు లెక్క పెట్టడం నా పని. మొదటి రోజు పదకొండు. మరునాడు పది. వారం తిరిగేసరికి ఎనిమిది.

"ఎన్నుండాయి పాపా?"

"ఎనిమిది అవ్వా. ఏదో ఎత్తకపోతా ఉంది."

"ఏదో అంటే ఎట్ల? ఏదని తెలిస్తే గదా దానికి అడ్డం పెట్టేది. ఎప్పుడు పోయింది, యాడ పోయింది, ఏం మిగిల్చింది, ఈ మూడూ చూసి చెప్పు" అంది అవ్వ.

నేను బడికి పోయి చదివిన దానికంటె ఆ మూడు ప్రశ్నలే నాకు ఎక్కువగా ఉపయోగపడ్డాయేమో అనిపిస్తుంది. ఆదివారం నాడు పొద్దుటి నుంచి వాకిట్లోనే కూర్చున్నాను. పొద్దు బాగా పైకెక్కిన తరువాత నల్లగద్ద ఒకటి గుట్ట వైపు నుంచి వచ్చి రెండు చుట్లు తిరిగింది. తరువాత రెక్కలు ఆడించకుండా వాలుగా జారుతూ వచ్చి, నేలకు దిగకుండానే కాళ్ళతో ఒక పిల్లను తన్నుకుపోయింది. నేను లేచి కేక వేసేలోపే అది కానుగ చెట్లు దాటింది. నేల మీద ఈకైనా మిగలలేదు. పట్టపగలు, ఆరుబయట, ఏ గుర్తూ లేకుండా పిల్ల మాయమైతే అది పైనుంచి వచ్చిన శత్రువు పని అని అవ్వ చెప్పింది. గద్ద, డేగ, కాకి మూడూ ఆకాశం దొంగలే. గద్ద బయలులో వాలుగా దిగుతుంది. డేగ ఆకుల మాటున కొమ్మ మీద కదలకుండా కూర్చుని ఒక్కసారిగా దూకుతుంది. కాకి నాలుగైదు రోజుల పిల్లలను, మూతలేని గుడ్లను వదలదు.

ఇక్కడొక విషయం చెప్పాలి. గద్ద వచ్చిన క్షణంలో నల్లపెట్ట తల ఒక పక్కకు వాల్చి ఒంటి కంటితో పైకి చూసింది. కోడికి కళ్ళు తలకు చెరొక పక్కన ఉంటాయి. కాబట్టి అది పైకి చూడాలంటే అట్లా చూడవలసిందే. చూసి, సన్నగా సాగదీసిన గొంతుతో ఒక కూత కూసింది. పిల్లలు పరుగెత్తాయి. కాని వాకిలి బోసిగా ఉంది. దూరడానికి వాటికి చోటేది? కుక్క వచ్చినప్పుడు అదే పెట్ట వేరే రకంగా, 'కొక్ కొక్ కొక్' అని తెంచి తెంచి గట్టిగా అరిచేది. అప్పుడు కోళ్ళన్నీ మెడలు నిక్కించి చుట్టూ చూసేవి. కోళ్ళ కూతలను యంత్రాలతో పట్టి పరిశీలించిన శాస్త్రజ్ఞులు కూడా ఇదే మాట చెప్పారు. ఆకాశం నుంచి వచ్చే శత్రువుకు ఒక కూత, నేల మీద వచ్చే శత్రువుకు మరొక కూత. మొదటిది వింటే కోళ్ళు దాక్కుంటాయి లేదా నేలకు అణిగిపోతాయి. రెండోది వింటే నిలబడి వెతుకుతాయి. పుంజు కూడా ఈ కావలి కాస్తుంది. ఊరికే వన్నె చూపుతూ తిరుగుతుందని మనం అనుకుంటాం గాని, పెట్టలు మేస్తున్నంతసేపూ దాని కన్ను పైనే ఉంటుంది.

అంటే, హెచ్చరిక చేసే పని కోడి చేస్తుంది. దాక్కోవడానికి చోటు చూపే పని మనది. ఆ సంగతి తెలిసిన తరువాత అవ్వ వాకిలి రూపమే మార్చింది. గూటి ముందర నాలుగు గుంజలు నాటించి చిక్కుడు పందిరి వేయించింది. పందిరి మీదికి తీగ పాకేలోపు దాని మీద పాత చీర కట్టాం. వాకిట్లో అక్కడక్కడ గంపలను ఒక పక్క రాయి పెట్టి ఎత్తి ఉంచాం. ఆ సందులో పిల్ల దూరుతుంది, కుక్క తల దూరదు. ఇంటి చూరు నుంచి కానుగ చెట్టుకు అడ్డదిడ్డంగా పురికొసలు లాగి, వాటికి తెల్లగుడ్డ పేలికలు కట్టాం. వాలుగా జారి వచ్చే గద్దకు దారి ఖాళీగా ఉండాలి. మధ్యలో తాడు అడ్డం వస్తే దానికి రెక్క తగులుతుందన్న భయం. పాత చేపల వల దొరికితే ఇంకా మంచిదట. మా ఊళ్ళో చెరువే ఎండిపోయింది, ఇక చేపల వల ఎక్కడిది! సముద్రం పక్కనో, గోదావరి పాయ పక్కనో ఉన్న యానాం పిల్లలకు అది సులువుగా దొరకవచ్చు.

గద్ద బెడద తగ్గింది. పిల్లలు ఏడు ఉన్నాయి. ఇక ఫరవాలేదని అనుకున్నాం.

ఒకనాటి పొద్దున గూటి తలుపు తీస్తే ఒక పిల్ల లేదు. ఇంకొక పిల్ల గోడ వారన చచ్చి పడి ఉంది. దాని కాళ్ళు కొరికి ఉన్నాయి. తలుపు వేసింది వేసినట్లే ఉంది. నాకు ఏడుపు వచ్చింది. అవ్వ ఏడవలేదు. గూడు చుట్టూ తిరిగి, వెనక పక్కన వంగి చూసి, "ఇదో, ఇట్ల వచ్చింది" అంది. మట్టిగోడ అడుగున కొత్తగా తవ్వి పోసిన మన్ను ఉంది. పందికొక్కు! నేల మీద కట్టిన గూడు దానికి ఒక లెక్క కాదు. రాత్రంతా తవ్వి, కింది నుంచి వచ్చింది.

రాత్రి దొంగల సంగతి వేరు. కోడికి చీకట్లో చూపు ఆనదు. పొద్దుగూకగానే ఎక్కడ కూర్చుంటే అక్కడే కదలకుండా ఉంటుంది. అడవిలో ఉండే వాటి పూర్వీకులు చెట్ల కొమ్మల మీద నిద్రపోయేవి. మన ఇంటి కోళ్ళకు ఆదిమూలమైన ఎర్ర అడవికోడి ఇప్పటికీ అట్లాగే చేస్తుంది. అంటే ఎత్తు మీద పడుకోవడం కోడికి పుట్టుకతో వచ్చిన రక్షణ. మనం దాన్ని నేల మీది గూట్లో పెట్టి ఆ రక్షణ తీసేశాం. కాబట్టి గూడు గట్టిగా ఉంచే బాధ్యత మనదే అవుతుంది.

అవ్వ నాయనతో చెప్పి కొత్త గూడు చేయించింది. మా సీమలో రాయికి కొదువ లేదు. నాలుగు రాతి కూసాలు పాతి, నేలకు 3 అడుగుల ఎత్తున చెక్కలతో గూడు కట్టారు. ఒక్కొక్క కూసానికి నడుమ నూనె డబ్బా రేకు చుట్టారు. రేకు నున్నగా ఉంటుంది. ఎలుక గాని, పిల్లి గాని దాని మీద పట్టు దొరక్క జారిపోతుంది. గాలి ఆడటానికి ముందు పక్క అర అంగుళం కన్నుల ఇనుపవల కొట్టారు. కన్ను పెద్దదైతే పాము దూరుతుంది, ముంగిస పిల్ల కూడా దూరుతుంది. తలుపుకు గొళ్ళెం పెట్టారు. తోస్తే తెరుచుకునే తలుపు కుక్కకు తలుపే కాదు. కోళ్ళు ఎక్కడానికి ఒక ఏటవాలు చెక్క వేసి, అవి లోపలికి పోయాక దాన్ని తీసి పక్కన పెట్టేవాళ్ళం. ఎత్తు గూడు కట్టే వీలు లేనివాళ్ళు గూడు చుట్టూ ఇనుపవలను ఒక అడుగు వెడల్పున బయటి వైపుకు పరిచి, పైన మన్ను కప్పవచ్చు. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. వల తగలగానే ఆగిపోతుంది.

గూడు ఎంత గట్టిదైనా వేళ తప్పితే లాభం లేదు. చీకటి పడకముందే తలుపు వేయాలి. పొద్దు బాగా ఎక్కాకే తీయాలి. నక్క, అడవి పిల్లి, మానుపిల్లి తిరిగేది రాత్రివేళ. తెల్లవారుజామున కూడా ఇంటి చుట్టుపక్కల పొంచి ఉంటాయి. నక్క కోడిని ఉన్నచోట తినదు, నోట కరుచుకుని పోతుంది. దారి పొడవునా ఈకలు రాలి ఉంటే అది వెళ్ళిన దిక్కు తెలుస్తుంది. నాలుగైదు కోళ్ళను చంపి, తినకుండా పడేసి పోతే చాలాసార్లు అది ఊరకుక్కల పని.

ముంగిస సంగతి ఇంకా చెప్పలేదు. అది పగటి దొంగ. మా దొడ్డికి పడమట ఒక రాళ్ళ గోడ, దాని పక్కన తుప్పలు ఉండేవి. మిట్టమధ్యాహ్నం మనుషులు నిద్రపోయే వేళ ముంగిస ఆ తుప్పల్లో నుంచి వచ్చేది. నల్లపెట్ట దాని మీదికి ఈకలు విచ్చుకుని దూకడం నేను కళ్ళారా చూశాను. ఆ రోజు పెట్టే గెలిచింది. ఇంకో రోజు గెలవలేదు. మిగిలిన ఐదింటిలో ఒకటి పోయింది. అవ్వ మరునాడే కొడవలి తీసుకుని గోడ పక్కన తుప్పలన్నీ కొట్టించింది. "గద్దకని పందిరి వేయిస్తివి, ఇప్పుడు తుప్పలు కొట్టిస్తివి. చెట్టు కావాలా వద్దా అవ్వా?" అని అడిగాను. గూటి పక్కన ఉండే పొద పిల్లలను దాస్తుందట, గోడ పక్కన ఉండే పొద ముంగిసను దాస్తుందట. గోడకూ పందిరికీ నడుమ 20 అడుగుల ఖాళీ నేల ఉంచాం. ఆ ఖాళీ దాటి రావాలంటే ముంగిస బయటపడాలి. బయటపడితే పుంజు కంట పడుతుంది. పుంజు అరిస్తే మా కుక్క లేస్తుంది. ఆ కుక్కను కూనగా ఉన్నప్పటి నుంచి కోళ్ళ మధ్యే పెంచాం కాబట్టి అది కోడిని ముట్టేది కాదు. కొందరు గిన్నికోళ్ళను కూడా పెంచుతారు. కొత్త మనిషి వచ్చినా, పాము కనిపించినా అవి ఊరు లేచేటట్లు అరుస్తాయి. ఆ అరుపు భరించగలిగితే మంచి కావలే.

ఆ రోజుల్లోనే ఎర్రపెట్ట గడ్డివామిలో దొంగతనంగా గుడ్లు పెట్టేది. రెండు రోజులు గుడ్లు కనిపించలేదు. పెంకు ముక్క కూడా లేదు. కాకి అయితే చిల్లు పొడిచిన పెంకు ఉంటుంది, ముంగిస అయితే పగిలిన పెంకు ఉంటుంది. పెంకుతో సహా మింగేది పాము. నేను గడ్డిలో చెయ్యి పెట్టబోతే అవ్వ నా రెక్క పట్టి లాగింది. కట్టెతో కదిలిస్తే లోపల నాగుపాము ఉంది. దాన్ని ఎవరూ కొట్టలేదు. దూరంగా నిలబడ్డాం, అదే గోడ వైపు వెళ్ళిపోయింది. పిల్లలూ, ఇది బాగా గుర్తుంచుకోండి. కోడి గుడ్డు పెట్టే చోట, గూట్లో, గడ్డిలో కట్టెతో కదిలించి చూడకుండా చెయ్యి పెట్టకూడదు. ఆనాటి నుంచి ప్రతిరోజూ మధ్యాహ్నం లోపే గుడ్లు ఏరేవాళ్ళం. గుడ్డు నిలవ ఉంటేనే దొంగకు వాసన. చల్లిన నూకలు రాత్రికి మిగలకుండా చూసేవాళ్ళం. గింజకు ఎలుక వస్తుంది, ఎలుకకు పాము వస్తుంది.

మా చిన్నాయనకు ఈ ఓపిక నచ్చలేదు. "ఇన్ని తంటాలెందుకమ్మా? మాంసం ముక్కకు పురుగుమందు పూసి గోడ దగ్గర పెడితే ఒక్క రాత్రిలో అన్నీ చస్తాయి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నేను ఏడవడం చూడలేక అన్నాడు. అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "కోడి దేన్ని పొడవదు చెప్పు? మందు తిని చచ్చిన ఎలుకను కోడి పొడిస్తే? మన కుక్క తింటే? పక్కింటి బిడ్డ ముట్టుకుంటే?" అంది. చిన్నాయన తల వంచుకున్నాడు. ఆయన చెప్పింది చట్టానికి కూడా విరుద్ధమే. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ముంగిసకు, నక్కకు, అడవి పిల్లికి, గద్దకు రక్షణ కల్పించింది. ఉచ్చు పెట్టినా, మందు పెట్టినా నేరమే. అదీగాక మా రాగి పంటను తినే ఎలుకలను, పందికొక్కులను ఏరి తినేది కూడా ఇవే. గూటిని తవ్విన పందికొక్కు ముంగిసకు ఆహారం, పిల్లను ఎత్తుకుపోయిన ముంగిస మాకు శత్రువు. ఎవరిని ఏ లెక్కలో వేయాలో ఇప్పటికీ నాకు పూర్తిగా తేలలేదు.

మొదటి విడతలో పదకొండింటికి నాలుగే పెరిగి పెద్దవయ్యాయి. రెండో విడత పిల్లలు బయటికి వచ్చేసరికి చిక్కుడు తీగ పందిరి నిండా అల్లుకుంది. ఈసారి పది పుట్టాయి. ఒకదాన్ని డేగ ఎత్తుకుపోయింది. తొమ్మిది మిగిలాయి. గద్ద ఎత్తలేనంత బరువు వచ్చే వరకు, అంటే దాదాపు రెండు నెలలు, వాటిని పందిరికి దూరంగా పోనివ్వలేదు. పెరిగినవాటిలో తెల్లగా ఉన్న రెండింటి మీదే అవ్వకు బెంగగా ఉండేది. తెల్లకోడి దూరం నుంచే కంటపడుతుంది. మట్టిరంగు, చుక్కల రంగు కోళ్ళు నేలలో కలిసిపోతాయి. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజ కోళ్ళు రంగురంగుల ఈకలతో, పొడవైన కాళ్ళతో ఉండటానికి ఇదొక కారణం. పొడుగు కాళ్ళుంటే పరుగెత్తి తప్పించుకోగలవు. కాని గుడ్లు పొదిగే గుణం ఇట్లాంటి కోళ్ళలో తక్కువ. ఆ పనికి నాటుపెట్టే కావాలి.

సంక్రాంతి ముందరి సంతకు అవ్వ, నేను గంపలో కోళ్ళు పెట్టుకుని పోయాం. పదకొండు అమ్మాం. నల్లపెట్టను అడిగినవాళ్ళున్నారు గాని అవ్వ ఇవ్వలేదు. వచ్చిన డబ్బు సైకిలుకు చాలలేదు. తక్కువపడిన దాన్ని చిన్నాయన వేశాడు. ఆ ఎండాకాలం తరువాత నేను పాత సైకిలు మీద, గొలుసు గలగలలాడుతుండగా, ఆరో తరగతికి పోయాను. ఊరి చివర ఇళ్ళ ముందు కోళ్ళు మేస్తుండేవి. వాటిలో ఏదైనా సన్నగా సాగదీసి కూస్తే, సైకిలు తొక్కుతూనే నేనూ తలెత్తి ఆకాశం వైపు చూసేదాన్ని.

అభ్యాసం

1. పిల్ల పోయినప్పుడు అవ్వ అడగమన్న మూడు ప్రశ్నలు ఏవి? పందికొక్కు వచ్చిన రాత్రి ఆ ప్రశ్నలకు ఏ జవాబులు దొరికాయి?

2. "గూటి పక్క పొద, గోడ పక్క పొద ఒకటి కావు." ఎందుకో మీ మాటల్లో రాయండి.

3. చిన్నాయన మాటతో మీరు ఏకీభవిస్తారా? అవ్వ చెప్పినవి కాక ఇంకేమైనా కారణాలు చెప్పగలరా?

4. ముంగిసను తమిళంలో కీరి అని, కన్నడంలో ముంగుసి అని, మరాఠీలో ముంగూస్ అని, ఒడియాలో నేవుళ అని అంటారు. గద్ద, నక్క, పందికొక్కులను మీ ఊళ్ళోని ఇతర భాషలవాళ్ళు ఏమంటారో అడిగి తెలుసుకుని రాయండి. మీ ఇంటి తెలుగులో వేరే పేర్లు ఉంటే అవి కూడా రాయండి.

5. మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఉన్న కోళ్ళ గూటిని చూసి బొమ్మ గీయండి. ఏ జంతువు ఎటు నుంచి రాగలదో బాణపు గుర్తులతో చూపండి.